375 చాలదన్న బావ

సెంగ్వా ఏటి క్యాంపు
4 మే 1988

బావమరిది వెలాఫికి,

నా క్షేమ సమాచారాలు మీ అక్క థోకో నీకు చెబుతూనే ఉంటుంది కాబట్టి ఆ మాటలు వదిలేస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు కంపెనీ ట్రక్కు డ్రైవరు నా తుపాకీ తెచ్చి నీ దుకాణంలో అప్పగిస్తాడు. దాని గొట్టం తీసేసి, ఇంకా పెద్ద గుండు పట్టే 458 మాగ్నం గొట్టం బిగించి పంపు. 375 మాగ్నం ఇక చాలదు.

ఎందుకు చాలదో చెబుతాను, లేకపోతే నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. పోయిన వారం ఒక ముసలి అడవిదున్న దొరికింది. వేటకి వచ్చిన పెద్దమనిషి ఆస్ట్రియాలో పళ్ళ డాక్టరు. అతను కాల్చిన గుండు కాస్త వెనగ్గా తగిలింది. అలాంటప్పుడు నాలాంటి గైడు చేయాల్సిన పని ఏమిటో నీకు తెలుసు, దాన్ని అక్కడికక్కడే పడగొట్టాలి. నేను రెండు కాల్చాను. రెండూ తగిలిన చప్పుడు వినబడింది. దున్న మాత్రం ఒకసారి తల విదిలించి మొపానే చెట్లలోకి నడిచి వెళ్ళిపోయింది, ఎవరో పిలిస్తే వెళ్ళినట్టు.

దాని వెనక ఏడు గంటలు తిరిగాం. ముందు జాడ తీసే మున్సాకా, అతని వెనక నేను, నా వెనక డాక్టరు. మున్సాకా చేతిలో ఒక పుల్ల తప్ప ఏమీ ఉండదు. జాడ తీసేవాడికి రెండు కళ్ళూ నేల మీదే ఉండాలి, అతని ప్రాణం కాచుకోవాల్సింది వెనకున్న నా తుపాకీ. పద్దెనిమిదేళ్ళుగా మా ఇద్దరి నడక ఇదే. పొద్దు వాలేసరికి ఎలాగో దున్న దొరికింది, పని అయింది.

క్యాంపుకి తిరిగొచ్చాక డాక్టరు విస్కీ తాగుతూ, "మీ తుపాకీ కొంచెం చిన్నదేమో కదండీ" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఈ మధ్య ఊరుకోవడం కూడా కష్టంగానే ఉంది.

చుట్టుపక్కల క్యాంపుల్లో కుర్ర గైడులంతా 458లు మోస్తున్నారు. ఒకడైతే 460 పట్టుకుని ఊరేగుతున్నాడు. యాభై మూడేళ్ళవాణ్ణి, నేనొక్కణ్ణే పాత సామాను భుజాన వేసుకుని తిరుగుతున్నాను. అలసిపోయాను వెలాఫీ. తగిలిన జంతువు తగిలిన చోటే పడిపోతే చాలు, దాని వెనక తిరిగే ఓపిక నాకిక లేదు.

అసలు సీజను జూన్ నడుమ మొదలవుతుంది. ఆలోగా కావాలి.

నీ బావ,
నాబోత్ చుమా


లోబెంగులా వీధి, బులవాయో
19 మే 1988

నాబోత్ బావకి,

"బావమరిది" అని గౌరవంగా మొదలుపెట్టావంటే నాతో పెద్ద పనే పడిందన్నమాట అని అక్క నవ్వింది. మామూలుగా అయితే నీ ఉత్తరం "ఒరే"తో మొదలవుతుంది కదా.

తుపాకీ చేరింది. ముందు చెడ్డ కబురు చెబుతాను. 458 గొట్టం ఊళ్ళో ఎక్కడా లేదు. బయటి దేశం నుంచి తెప్పించాలంటే అనుమతి కాగితాలు పెట్టాలి, ఎంత లేదన్నా రెండు నెలలు. మంచి కబురేమిటంటే నీ తుపాకీకి ఏ రోగమూ లేదు. ఇసుకమూట మీద ఆనించి యాభై గజాల దూరాన అయిదు కాల్చాను. అయిదు చిల్లులూ ఒక అగ్గిపెట్టె కింద దాగిపోయాయి. దానికి ఇరవై ఏళ్ళు నిండాయంటే కొత్తవాడెవడూ నమ్మడు.

నా పది ప్రశ్నల్లో ఒకటే అడుగుతాను. ఆ రెండు గుళ్ళూ దున్నకి ఎక్కడ తగిలాయి? తోలు ఒలిచినవాడికి తెలిసే ఉంటుంది.

నీకు చెప్పేంతవాణ్ణి కాను. నేను ఏనుగుని దగ్గరగా చూసింది ఒక్కసారే, అదీ బస్సు కిటికీలోంచి. కానీ ఈ బల్ల వెనక కూర్చుని పదహారేళ్ళయింది. 458 గుండు బరువు అయిదు వందల గ్రెయిన్లు, నీ 375 గుండు మూడు వందలు. భుజం మీద తన్ను కూడా దానికి తగ్గట్టే ఒకటికి ఒకటిన్నర ఉంటుంది. మంచి చోట తగిలితే 458 దెబ్బ వేరు, కాదనను. చెడ్డ చోట తగిలితే అయిదు వందలైనా మూడు వందలైనా జంతువుకి తేడా తెలియదు. దూరాన నిలబడే కూడూ జింకకి 300 మాగ్నం, దున్నకీ ఏనుగుకీ 375, మరీ దట్టమైన పొదల్లో తిరిగేవాడికి 416 గానీ 458 గానీ, అది కూడా భుజం ఒప్పుకుంటేనే. ఇంతకు మించిన శాస్త్రం నా దగ్గర లేదు. ఇక్కడికొచ్చి ఇంకా పెద్దది కావాలనే పదిమందిలో ఏడుగురికి నిజంగా కావాల్సింది ఇంకాస్త చిన్నది. ఆ మాట మొహం మీద చెబితే వేరే దుకాణానికి పోతారు కాబట్టి నేనూ నోరు మెదపను.

నీ తుపాకీ అలాగే తిప్పి పంపుతున్నాను. దాంతో పాటు ఒక పెట్టె, నా చేత్తో నింపిన ఇరవై తూటాలు. ఇవి వేటకి కాదు, సాధనకి. క్యాంపు వెనక గట్టుకి ఒక కాగితం తగిలించి, చుట్టూ ఎవరూ లేనప్పుడు ఒక్కడివే కాల్చు. ఒక్కటి కూడా దాచుకోవద్దు. ఆ కాగితం నాకు పంపు. ఆ తర్వాత కూడా నీకు 458 కావాలనిపిస్తే కిక్కురుమనకుండా బిగించి ఇస్తాను.

అక్క ఎండు కపెంటా చేపలు అడుగుతోంది. మార్కెట్లో దొరికేవాటిలో సగం ఇసుకేనట.

వెలాఫి మసూకు


సెంగ్వా ఏటి క్యాంపు
12 జూన్ 1988

ఒరే వెలాఫీ,

ఇదిగో, "ఒరే" అనే మొదలుపెట్టాను, మీ అక్కకి చూపించు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇరవై తూటాలూ కాల్చాను. అన్నీ అరచేయి వెడల్పులో పడ్డాయి. కాగితం పంపుదామనుకునేలోపే వంటవాడు దాంతో పొయ్యి రాజేశాడు. కాబట్టి ఇక నువ్వు గొట్టానికి దరఖాస్తు పెట్టు. దున్నకి ఎక్కడ తగిలాయని అడిగావు. తగలాల్సిన చోటే తగిలాయి. ఇసుకమూట మీద ఆనించి కాల్చడం వేరు, ఎండలో మూడు గంటలు నడిచి, రొప్పుతూ నిలబడి కాల్చడం వేరు.

కొత్త పెద్దమనిషి దిగాడు. అమెరికాలో రోడ్లు వేయించే కాంట్రాక్టరు, పేరు డ్వేన్. మనిషి మంచివాడే, మొక్కజొన్న సంకటి కూడా మాతో పాటు చేత్తో తింటున్నాడు. 460 మాగ్నం తెచ్చుకున్నాడు, దాని నూనె వాసన ఇంకా పోలేదు. నిన్న గట్టు దగ్గర రెండు కాల్చేసరికే చెమటలు పట్టాయి. అప్పుడు మేము చేసే పాత పనే చేశాను. "ఈసారి నేను నింపి ఇస్తానండీ" అని, లోపల తూటా పెట్టకుండానే చేతికిచ్చాను. మీట నొక్కగానే పాపం కళ్ళు గట్టిగా మూసుకుని గొట్టం జానెడు కిందికి తోశాడు. చప్పుడు లేదు, తన్ను లేదు, మనిషి మాత్రం ముందుకు వంగిపోయాడు. నేను నవ్వు ఆపుకోలేక టోపీ అడ్డం పెట్టుకున్నాను. మున్సాకా నవ్వలేదు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"దీన్ని తుపాకీ బెదురంటారండీ. దెబ్బ పడకముందే ఒళ్ళు దెబ్బకి సిద్ధమవుతుంది. క్యాంపులో ఇంకో 375 ఉంది, అది తీసుకోండి" అని చెప్పి చూశాను. ఒప్పుకోలేదు. ఊరికెళ్ళి 460తో కొట్టానని చెప్పుకోవాలిగా మరి.

మున్సాకా గురించి కూడా ఒక మాట. అతనికి వయసు మీద పడుతోంది. ఇదివరకు జంతువుకి నలభై అడుగుల దూరంలో ఆపి వేలు చూపించేవాడు. ఇప్పుడు పదిహేను అడుగుల దాకా నన్ను లాక్కుపోతున్నాడు. చూపు తగ్గిందేమో. పైకి అనడానికి మనసొప్పడం లేదు. నాకన్నా ఏడేళ్ళు పెద్ద.

రేపు పొద్దున్నే ఏటి ఎగువకి పోతున్నాం. రెండు రోజుల నడక. అక్కడ గుడారాలు తప్ప ఏమీ ఉండవు, రేడియో కూడా లేదు. పది రోజులకి గానీ తిరిగి రాము. చేపలు పంపాను, ఇసుక లేదు.

నాబోత్


లోబెంగులా వీధి, బులవాయో
20 జూన్ 1988

బావా,

నీ ఉత్తరం ఈ రోజు పదకొండింటికి అందింది. నువ్వు ఆ ఇరవై తూటాలూ కాల్చలేదు. కాల్చి ఉంటే నన్ను తిడుతూ రాసేవాడివి, ఎందుకంటే అందులో మూడు పేలవు.

అది నేను కావాలని చేసిన పని. మూడింటిలో మందు బదులు మొక్కజొన్న పిండి నింపాను, బరువులో తేడా తెలియకుండా. తూటా వెనక నిప్పు పుట్టించే మందుటోపీ కూడా చచ్చినదే బిగించాను. నువ్వు డ్వేన్‌కి ఖాళీ తుపాకీ ఇచ్చి చూశావే, అదే పని నేను నీకు చేశాను. ఎవరూ చూడకుండా, గట్టు దగ్గర ఒక్కడివే ఉన్నప్పుడు, నీ గొట్టం కిందికి వాలడం నువ్వే చూసుకుంటావనుకున్నాను. చూసుకుంటే ఇక నేను చెప్పాల్సిన పని ఉండదనుకున్నాను.

క్రిస్మస్‌కి ఇంటికి వచ్చినప్పుడు వంటింటి తలుపు గాలికి కొట్టుకుంటే కళ్ళు మూసుకుని భుజం వెనక్కి లాక్కున్నావట. అక్క ఆ రోజే నాతో చెప్పింది. మీ తోలు ఒలిచే అతను పోయిన నెల ట్రక్కులో ఊళ్ళోకి వస్తే అడిగాను. ఒక గుండు రొమ్ము కింద చర్మంలో ఉందట, ఇంకొకటి మోకాలు దగ్గర. అది తుపాకీ చిన్నదవడం వల్ల కాదు బావా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీకు చెప్పే ధైర్యం నాకు లేదు, నాకు చెప్పే మనసు నీకు లేదు.

వేటకి కాదని రాశాను గానీ, ఎందుకు కాదో రాయలేదు. నీ పరువు కాపాడబోయి నీ చేతికి పేలని తూటాలిచ్చాను. ఇంత తెలివితక్కువ పని నా పదహారేళ్ళలో చేయలేదు.

ఉత్తరం చదివిన వెంటనే కంపెనీ ఆఫీసుకి పరిగెత్తాను. రేడియోలో మీ క్యాంపుని పిలిపించాను. లోయలో ఉన్న ప్రతి క్యాంపూ ఆ రేడియో వింటుంది. నీ బెదురు సంగతి అందరి చెవినా ఎలా వేయను? "వెలాఫి మసూకు నింపిన తూటాల్లో లోపం ఉంది, నాబోత్ ఆ పెట్టె వాడకూడదు, తప్పు పూర్తిగా వెలాఫిదే" అని చెప్పించాను. ఎగువకి మనిషిని పంపుతానని మీ వంటవాడు అన్నాడు. ఎంత గబగబా నడిచినా ఎల్లుండి పొద్దుటికి గానీ చేరడట.

అక్కకి ఏమీ చెప్పలేదు. ఇక్కడ కూర్చుని చేసేది లేక రాస్తున్నాను. ఆ పెట్టె ముట్టుకోకు బావా.

వెలాఫి


సెంగ్వా ఏటి క్యాంపు
1 జూలై 1988

వెలాఫీ,

నీ కబురుతో మనిషి వచ్చేసరికి ఒక పూట ఆలస్యమైంది.

డ్వేన్ తన 460తో దున్న కడుపులో గుండు దించాడు. అనుకున్నదే. అరగంట ఆగి వెనక పడ్డాం. అది ఏటి పక్క రెల్లులోకి పోయింది, మనిషెత్తు రెల్లు. మున్సాకా ముందు నడిచాడు. నా తుపాకీలో నీ తూటాలున్నాయి. కొత్తవి కదా, పాతవాటికన్నా నమ్మకమని అవే నింపుకున్నాను. నువ్వు సాధనకని రాసింది మరిచిపోలేదు. తూటాలకి ఇంత కరువుగా ఉంటే ఇరవై కాగితం మీద తగలేయడమా అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న మాట అది. అసలు మాట ఏమిటంటే, ఒక్కణ్ణే ఆ గట్టు దగ్గర నిలబడటానికి నాకు కాళ్ళు రాలేదు. రెండుసార్లు కాగితం తగిలించి రెండుసార్లూ ఊడబీకి తెచ్చుకున్నాను.

పది అడుగుల్లో దున్న లేచింది. మున్సాకా ఎప్పటిలాగే నాకు దారి వదిలి ఎడమ పక్కకి వంగి కూర్చున్నాడు. నేను మీట నొక్కాను. టక్కుమంది, అంతే. పేలలేదు కాబట్టి నా గొట్టం ఎటు చూస్తోందో నాకు కనబడింది. కిందికీ ఎడమకీ వాలి ఉంది. దాని ముందున్నది దున్న కాదు, మున్సాకా వీపు. అందులో మందే ఉండి ఉంటే గుండు అతని భుజం మీదుగా పోయేదో, భుజంలోంచే పోయేదో చెప్పలేను. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ చెప్పలేను.

రెండో తూటా లోపలికి తోసేలోపు దున్న మున్సాకాని ఎత్తి పడేసింది. నేను వెళ్ళి గొట్టం దాని మెడకి ఆనించి కాల్చాను. అంత దగ్గర్నుంచి కాల్చడానికి గురి అక్కర్లేదు.

మున్సాకాకి తొడ ఎముక విరిగింది, మూడు పక్కటెముకలు కూడా. రాత్రంతా నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, ఒక్కసారి కూడా అరవలేదు. డోలీ కట్టి మోసుకుంటూ క్యాంపుకి దించాక, రేడియోలో పిలిస్తే చిన్న విమానం వచ్చి బింగా ఆస్పత్రికి తీసుకెళ్ళింది. బతుకుతాడన్నారు. తూటాల్లో లోపముందన్న నీ కబురు ఆ మనిషే చెప్పాడు. క్యాంపుకి వచ్చాక మిగిలిన తూటాలు పటకారుతో ఒక్కొక్కటే విప్పాను. బల్ల మీద పిండి పడింది. అప్పుడు అర్థమైంది. నీ ఉత్తరం ఆ తర్వాత నాలుగు రోజులకి వచ్చింది.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. చెప్పకుండా పిండి నింపి పంపినవాణ్ణి ఏం చేయాలి? నీ మూలంగా మున్సాకా తొడ విరిగింది. నీ మూలంగానే బతికి ఉన్నాడేమో కూడా. ఈ రెండూ ఒకేసారి మోయలేక ఇన్నాళ్ళూ నీకు రాయలేదు.

మేనేజరు రిపోర్టు రాసుకొచ్చాడు. "తూటా లోపం వల్ల ప్రమాదం" అని ఉంది. నువ్వే రేడియోలో చెప్పావు, అందరూ విన్నారు, ఇక ఎవరూ ఏమీ అడగరు. సంతకం పెడితే నా లైసెన్సు నిలబడుతుంది. పెట్టాను.

నాబోత్


లోబెంగులా వీధి, బులవాయో
9 జూలై 1988

బావకి,

మున్సాకా బతికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. అక్కకి అంతా చెప్పేశాను. ఆమె నన్నూ తిట్టలేదు, నిన్నూ తిట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది. అప్పటికే తోమిన గిన్నెలు.

సంతకం పెట్టావని రాశావు. నేనే కావాలని చెప్పించిన మాటే కాబట్టి నిన్ను అనడానికి నాకు నోరు లేదు. నేను చేసినదానికి ఇది తక్కువ శిక్ష. ఈ వారంలో నలుగురు తమ తుపాకులు వెనక్కి పట్టుకుపోయారు. ఒకాయన నేను నింపిన తూటాల పెట్టెలు మూడు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నాలు ఇక్కడ చాలా పొడుగ్గా ఉంటున్నాయి. ఉన్న పనిముట్లకే మళ్ళీ మళ్ళీ నూనె రాస్తున్నాను.

458 గొట్టానికి అనుమతి వచ్చింది. వచ్చే నెలాఖరుకి చేతికొస్తుంది. బిగించమంటే బిగిస్తాను, మాట ఇచ్చాను కదా. నీతో వాదించే ఓపిక నాకూ లేదు.

కానీ ఒక్కటి అడగకుండా ఉండలేను. మున్సాకా ఆస్పత్రిలో ఉన్నాడు, సీజను ఇంకా మూడు నెలలుంది. ఇప్పుడు నీ ముందు నడిచేది ఎవరు? అతనికి ఏం చెప్పావు?

వెలాఫి


సెంగ్వా ఏటి క్యాంపు
27 జూలై 1988

ఒరే వెలాఫీ,

నువ్వడిగినదానికి జవాబు రాయాలని మూడుసార్లు కాగితం తీశాను. నా ముందు నడవడానికి కంపెనీ ఒక మనిషిని పంపింది. పేరు సియబువా, ఇద్దరు పిల్లలున్నారట. వచ్చిన రోజే, "అయ్యా, మీ దగ్గర పని దొరికిందని మా ఇంట్లో కోడిని కోశారు" అన్నాడు. అతనికి నేనేమీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని రెండు రోజులు సెలవు పెట్టి, బింగా ట్రక్కెక్కి మున్సాకా దగ్గరికి పోయాను.

కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నా గొట్టం ఎటు వాలిందో చెప్పేద్దామని మంచం పక్కన కూర్చున్నాను. నొప్పి ఎలా ఉంది, తిండి ఏం పెడుతున్నారు అని అడుగుతూ పోయాను. అతనే మొదలుపెట్టాడు.

"ఎందుకు తమ్ముడూ అట్టా నీళ్ళు నమలతావు? రెండేళ్ళ నుంచి చూస్తానే ఉండా. నువ్వు కాల్చినప్పుడల్లా గుండు దుమ్ములోనో కాళ్ళలోనో పడతాంది. అందుకే దగ్గరికి తోలుకుపోతా ఉండా. పదడుగుల్లో నువ్వెంత కిందికి కొట్టినా దున్నకే గదా తగిలేది."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా అన్నా?" అన్నాను.

"అంటే మానేస్తావు. నువ్వు మానేస్తే నాకు ఎవడో కొత్తోణ్ణి అంటగడతారు. కొత్తోడి ధైర్యం కంటే నీ భయం మేలు. అది నాకు తెలిసిన భయం."

అతని చూపు తగ్గిందని నీకు రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆస్పత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నాను, అందరూ చూస్తున్నా ఏడుపు ఆగలేదు.

ఇది ఎప్పుడు మొదలైందో నీకు చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక బెల్జియం పెద్దమనిషి తన రెండు గొట్టాల తుపాకీ కాల్చి చూడమని ఇచ్చాడు. ఒక మీట నొక్కితే రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. మెడ కింద ఎముక బీటలు వారింది. జారిపడ్డానని థోకోకి అబద్ధం చెప్పాను. ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. కానీ ఆ రోజు నుంచి మీట మీద వేలు పెడితే కళ్ళు వాటంతటవే మూసుకుంటున్నాయి. దాన్ని కప్పిపెట్టడానికి ఇంకా పెద్ద తుపాకీ కావాలన్నాను. నువ్వు బిగించి ఉంటే అది నన్ను ఇంకా గట్టిగా తన్నేది, నేను ఇంకా కిందికి కాల్చేవాణ్ణి.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఏడింటికి, అన్ని క్యాంపులూ రేడియో దగ్గర ఉండే వేళ, నేను మైకు అందుకున్నాను. "నేను నాబోత్‌ని. వెలాఫి నింపే తూటాల్లో ఏ లోపమూ లేదు. నాకు తుపాకీ బెదురు పట్టి రెండేళ్ళయింది. అది నాకు తెలియాలని మూడు తూటాల్లో పిండి నింపి, సాధనకని పంపాడు. నేను సాధన చేయకుండా వేటకి తీసుకుపోయాను. మున్సాకా ఆస్పత్రిలో ఉన్నది నా వల్ల. రిపోర్టులో నేను పెట్టిన సంతకం అబద్ధం" అని చెప్పాను. ఒకడు దగ్గితే పదిమంది వెక్కిరించే రేడియో అది. ఒక్కరూ మాట్లాడలేదు. చివరికి నేనే ఆపేశాను.

మేనేజరు ఆ రోజే వచ్చి అరిచాడు. ఈ సీజనుకి నా లైసెన్సు పోయింది. పైఏడు మళ్ళీ పరీక్ష రాసి, గురి చూపించుకోవాలి. అప్పటిదాకా రోడ్లు బాగు చేయించే పని ఇచ్చారు. సియబువాని వేరే గైడు దగ్గరికి మార్చారు. వెళ్ళేటప్పుడు నాకు దండం పెట్టాడు, ఎందుకో అతనికే తెలియాలి. ఈ రాత్రి నేను బాగా నిద్రపోతానని కాదు గానీ, నా ముందు ఎవరూ నడవడం లేదు. నాకు ఇప్పటికి అది చాలు.

458 గొట్టం ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇక అసలు పని. నిన్న ట్రక్కు డ్రైవరు లోయలో క్యాంపులన్నిటికీ సామాను దించుకుంటూ వచ్చి నా చేతికొక కవరిచ్చాడు. "మీ బావమరిదికి పంపమన్నారంట" అన్నాడు. ఎవరన్నారని అడిగితే పళ్ళికిలించాడు. లోపల ఆరు చీటీలున్నాయి. దేని మీదా పేరు లేదు, ఎవరి రాతో గుర్తుపట్టకుండా అచ్చు అక్షరాల్లో రాశారు. మూడింటి మీద 458 అని, ఒకదాని మీద 416 అని, ఒకదాని మీద 375 అని ఉంది. ఒక్కొక్కరికి మూడేసి తూటాలు కావాలట, పిండి నింపినవి. ఆరోది 460. దాని మీద మూడు అని రాసి, కొట్టేసి, ఆరు చేశారు.

అవన్నీ ఈ కవరులోనే పెడుతున్నాను. ఏడో చీటీ నాది. 375, పది తూటాలు. దాని మీద మాత్రం పేరు రాశాను.

నాబోత్